ఫొటో దిగిన షేర్వాణీ

మా కాలేజీలో షేర్వాణీ లేనివాణ్ణి గ్రూప్ ఫొటోకు రానిచ్చేవారు కాదు. ఫొటో రోజు పొద్దున నా గదిలో ఉండే స్నేహితుడు నాకున్న ఒక్క షేర్వాణీ అడిగాడు.

"జర బజారుకు పోయొస్త. ఫొటో టైముకు ఇస్త."

బనీను మీదే సాయంత్రం దాకా ఎదురుచూశాను. ఫొటో అయిపోయాక తెచ్చిచ్చాడు.

ఇన్నేళ్లకు వాడే ఖాజాగూడలో మా ఇంటికి వచ్చాడు. పాత క్లాసువాళ్లందరూ కలుస్తున్నారట. ఆ ఫొటో కూడా తెచ్చాడు.

"చూడు, అందరం ఎంత మంచిగున్నమో!"

ముందు వరుసలో వాడు. వాడి ఒంటిమీద, మా అమ్మ కుట్టిన వేరే రంగు గుండీతో సహా, నా షేర్వాణీ.

"వస్తవా మరి?"

చిలక్కొయ్యకున్న ఆ పాత షేర్వాణీ తీసి వాడి చేతిలో పెట్టాను.

"దీన్ని తోలుకపో. మీతోని ఫొటో దిగింది నేను గాదు, గిదే."