ద్వారం దగ్గర మూడు రోజుల డ్యూటీ

ఆ రోజుల్లో, అంటే నేను రిటైరైన కొత్తలో, నాకొక సంగతి బోధపడింది. మనిషికి పడుచుతనం రెండుసార్లు వస్తుంది. మొదటిది ఉద్యోగంలో చేరిన ఏడాది, రెండోది ఉద్యోగం వదిలిన ఏడాది. ఈ రెండు ఏడాదుల్లోనూ మనిషికి ఏమీ తెలియదు, అన్నీ తెలుసనుకుంటాడు, ఇంట్లోవాళ్లు నవ్వు ఆపుకుంటూ అన్నం పెడతారు. మొదటి పడుచుతనంలో నేను చేసిన తెలివితక్కువ పనులు చాలామందికి తెలుసు, వాళ్లలో కొందరు వాటిని నా సన్మానసభలో చదివారు కూడా. రెండో పడుచుతనంలో చేసిన పని ఒకే ఒకటి. అది మా ఇంట్లో నలుగురికే తెలుసు. పద్దెనిమిదో ఏటినుంచి రోజూ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి, అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

అప్పటికి మేము సెక్టారులోని కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, పక్కనే రిసాలిలో సొంత ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. మా అబ్బాయిది నేను చేసిన స్టీల్ ప్లాంటులోనే షిఫ్టు డ్యూటీ. మా కోడలు పక్క ఊరు దుర్గ్‌లో పుట్టిన తెలుగు అమ్మాయి. వాళ్ల నాన్న కూడా మా ప్లాంటువాడే, కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరయ్యాడు. పిల్ల పుట్టినప్పుడు కోడలు బడిలో టీచరు ఉద్యోగం మానేసింది. పిల్లకు మూడేళ్లు వచ్చాక మళ్లీ పని కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎన్ని చోట్లకు రాసిందో నాకు లెక్క తెలియదుగాని, ఫోను మోగినప్పుడల్లా ఆ అమ్మాయి ముఖం ఎలా మారేదో నాకు తెలుసు. చివరికి ఒక్కచోటినుంచి జవాబొచ్చింది. ఎక్కడో నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక కంప్యూటరు ఆట తయారు చేశారట, దాన్ని హిందీలోకీ తెలుగులోకీ మార్చాలట. ఈ పని నచ్చితే ఇకమీదట అన్ని ఆటలూ ఆమెకే ఇస్తారట. హిందీ తన చేతిలో పని. తెలుగు మాట్లాడగలదుగాని రాయాలంటే భయం (ఈ హిందీ దేశంలో పుట్టిన మా పిల్లలందరిదీ ఇదే కథ, తప్పు మాది). ఒక సాయంత్రం కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, "మావయ్యా, ఇది కాస్త దిద్దిపెట్టండి. మా అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. దొరికితేనే చెప్తాను" అంది.

ఆ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. చూడడానికి మా అబ్బాయి చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న ఆటలాగే ఉంటుంది. చుక్కలు చుక్కల మనుషులు, గళ్లు గళ్ల చెట్లు, పీపీ అనే సంగీతం. కావాలనే అలా పాతగా చేశారట. కథ మాత్రం మహా భయంకరం. నక్షత్రాల అవతల కోట్ల ఏళ్లుగా నిద్రపోతున్న ఒక జీవి ఉంది. దానికి లెక్కలేనన్ని చేతులు, నోరు తిరగని పేరు. అది లేచి విశ్వాన్ని మింగబోతుంది. ఆపవలసినవాళ్లు ముగ్గురు: ఒక లెక్కల మాస్టారు, ఒక వంటావిడ, ఒక మేక. మాస్టారు గొడుగుతో, వంటావిడ అట్లకాడతో యుద్ధం చేస్తారు. మేక ఏం చేస్తుందో నాకు చివరిదాకా తెలియలేదు. ఆ జీవుల్ని చూసినప్పుడల్లా మనిషికి మతి కొంచెం కొంచెం పోతుంది, ఎంత పోయిందో మూలన ఒక మీటరు చూపిస్తుంది. (మా డిపార్టుమెంటులో అంతకంటె ఎక్కువ పోగొట్టే ఆఫీసర్లను చూశాను. ఆ మాట మార్జిన్‌లో రాస్తే కోడలు కొట్టేసింది.) ఇదంతా హాస్యమని ఆమె నాకు ముందే చెప్పింది. నేను తల ఊపాను. కాని విశ్వం మునిగిపోవడం హాస్యం ఎలా అవుతుందో నాకు లోపల అర్థం కాలేదు.

వారం రోజుల్లో వాక్యాలన్నీ దిద్ది ఇచ్చాను. అవి ఒక వరసలో ఉండేవి కావు. ఎవరు ఎవరితో అంటున్నారో లేకుండా ఉత్త మాటలే పట్టికలో ఉండేవి. ఇక మిగిలింది ఒకటే, ఆటను మొదటినుంచి చివరిదాకా ఒకసారి ఆడి, ప్రతి మాటా తన చోట సరిగా వస్తోందో లేదో చూసి రిపోర్టు పంపడం. గడువు సోమవారం మధ్యాహ్నం పన్నెండు. సరిగ్గా అప్పుడే దుర్గ్‌లో వాళ్లమ్మకి కంటి ఆపరేషను పడింది. కోడలు పిల్లను తీసుకుని వెళ్తూ, బాణం గుర్తుల మీటలు ఎలా నొక్కాలో నాకు నేర్పి, రిపోర్టుకని కొత్త నోటుబుక్కు చేతికిచ్చింది. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, "మొత్తం మీమీదే వదిలీసి వెళ్తున్నాను మావయ్యా" అంది. నేను నోటుబుక్కుకి స్కేలుతో గీతలు కొట్టడం మొదలుపెట్టాను.

గురువారం ఆట బాగా సాగింది. శుక్రవారం పది గంటలకు మేము ముగ్గురం (మాస్టారు, వంటావిడ, మేక, మాస్టారిని నడిపేది నేను) ఆకాశద్వారం అనే చోటికి చేరాం. ద్వారం దగ్గర ఒక కాపలావాడు లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. మమ్మల్ని చూసి, "ఈ దీపం పట్టుకో. నేను తిరిగి వచ్చేదాకా ఇక్కడినుంచి కదలకు. కదిలితే అవతలున్నది లోపలికి వస్తుంది" అన్నాడు. ఆ వాక్యం నేనే దిద్దాను. వాడు లాంతరు మాస్టారి చేతిలో పెట్టి తెరమీదనుంచి వెళ్లిపోయాడు. నేను నోటుబుక్కులో "10.10. డ్యూటీలో చేరాను" అని రాసి, రిలీవర్ కోసం నిలబడ్డాను.

ఇక్కడ నా మొదటి పడుచుతనం గురించి ఒక్క సంగతి చెప్పకపోతే ఇది చదివేవారు నన్ను పిచ్చివాడనుకుంటారు. చేరిన మూడో నెలలో గ్యాస్ లైను దగ్గర మీటరు చూడడం నా పని. నా తర్వాత షిఫ్టువాడు, అంటే నన్ను విడిపించే రిలీవర్, దూరంగా సైకిలు మీద వస్తూ కనిపించాడు. వస్తున్నాడు కదా అని నేను బయలుదేరాను. గేటు దగ్గర మా ఫోర్‌మన్ (ఆయన్ని వెనకాల గంట తాత అనేవాళ్లం) ఆపి, రిలీవర్ లాగ్‌బుక్కులో సంతకం పెట్టాడా అని అడిగాడు. వస్తున్నాడండీ అన్నాను. "వస్తున్నోడు వచ్చినోడు కాదు బాబూ" అన్నాడాయన. వెనక్కి పరుగెత్తి చూస్తే ఆ మనిషి సైకిలు గొలుసు ఊడి దారిలో కూర్చుని తగిలించుకుంటున్నాడు. మీటరు పన్నెండు నిమిషాలు ఒంటరిగా ఉంది. ఏమీ జరగలేదు. కాని ఏమీ జరగకుండా చూడడమే మా ఉద్యోగం. ఆనాటినుంచి నేను సంతకం చూడకుండా కుర్చీ వదలలేదు. ఒక్క ఆఖరి రోజు తప్ప. ఆ రోజు పదకొండు గంటలకే నన్ను లాక్కెళ్లి శాలువా కప్పి, మిఠాయి తినిపించి, ఫొటోలు తీసి, జీపులో ఇంటికి దింపేశారు. లాగ్‌బుక్కు తెరవనివ్వలేదు. డైరీలో ఆనాటి పేజీలో మిఠాయి సంగతి ఉంది, చార్జి ఎవరికి ఇచ్చానన్న మాట గాని, ఇంటికి బయలుదేరానన్న మాట గాని లేదు.

మధ్యాహ్నానికి నాకు స్నానం, భోజనం సమస్య వచ్చింది. మా ఆవిడను పిలిచి కాసేపు కుర్చీలో కూర్చోమన్నాను. "ఏటి చూడాలండి?" అంది. దీపం చూడమన్నాను, తెర నల్లబడబోతే ఆ ఎలకలాంటిదాన్ని కాస్త కదపమన్నాను. ఆమె చిక్కుడుకాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని విశ్వద్వారం ముందు కూర్చుంది. నేను భోంచేసి వచ్చేసరికి కాయలు అయిపోయాయి. దీపం వెలుగుతోంది. "ఈ మేక ఎవరిదండి, పాపం పొద్దుట్నించి నిలబడే ఉంది" అంది లేస్తూ. సాయంత్రం కోడలు ఫోను చేసి ఆట ఎలా ఉందని అడిగింది. డ్యూటీలోనే ఉన్నాను, అంతా నార్మల్ అన్నాను. ఆ అమ్మాయి ఊపిరి వదలడం నాకు వినిపించింది. ప్లాంటు మనుషుల ఇళ్లల్లో పుట్టినవాళ్లకు ఆ మాటకు మించిన భరోసా లేదు. ఆమె వాళ్లమ్మ కంట్లో మందు వేయడానికి వెళ్లింది.

శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. గంటగంటకూ రాశాను: "రిలీవర్ రాలేదు. దీపం వెలుగుతోంది. మతి మీటరు మామూలు." ఆటను ఆపి ఉంచే మీట ఒకటి ఉంది. రాత్రి ఎనిమిదికి అది నొక్కి "షట్‌డౌన్" అని రాసి పడుకునేవాణ్ణి. పగలంతా కూడా అది నొక్కి ఉంచొచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. షట్‌డౌన్‌కు ఒక పద్ధతి ఉంటుందని చెప్పాను. ఇంట్లో నన్ను ఆపగలిగినవాడు మా అబ్బాయి ఒక్కడే. వాడు ఆదివారం డ్యూటీనుంచి వచ్చి, నా వెనక నిలబడి తెరను చూశాడు.

"రిలీవర్ రాలేదా నాన్నా?"

"లేదురా."

"లీవు పెట్టీసేడేమో" అని, వాడు వెళ్లి పడుకున్నాడు. వాడికి ఇందులో వింతేమీ కనిపించలేదు.

సోమవారం పొద్దున్న తొమ్మిది దాటాక కోడలు వచ్చింది. పిల్లను మా ఆవిడకు అప్పజెప్పి, చెప్పులు విప్పుతూనే రిపోర్టు అడిగింది. నోటుబుక్కు ఇచ్చాను. మొదటి రెండు పేజీలు చూసి నవ్వింది, ఆ తర్వాత పేజీలు తిప్పుతూ ఉంటే నవ్వు తగ్గిపోయింది. ద్వారం దగ్గర మొత్తం ముప్పై తొమ్మిది నమోదులున్నాయి. ఆమె గోడ గడియారం చూసింది, తెరమీద నిలబడ్డ మాస్టారిని చూసింది, మెల్లగా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పన్నెండుకి ఎంత టైముందో వేళ్లమీద లెక్కపెట్టింది. నేను ఆమె పని పాడుచేశానని అప్పుడు తెలిసింది. అయినా లేవలేకపోయాను.

"మావయ్యా, ఆడు రాడు" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఆట తీసినోళ్లు అలాగే పెట్టేరు. మనం దీపం కింద పెట్టీసి వెళ్లిపోవాలి. ఏటీ అవదు. అది నవ్వించడానికి పెట్టిన మజాక్."

"డ్యూటీలో మజాక్ ఏటమ్మా?"

దీపం కింద పెట్టే మీట ఆమే ఒక్కసారి నొక్కి ముందుకు వెళ్లిపోవచ్చు, గడియారం అలా పరుగెడుతోంది, నొక్కలేదు. లేచి నిలబడి, నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. "చార్జి చెప్పండి మావయ్యా" అంది.

నేను చెప్పాను. లాంతరులో నూనె నిండుగా ఉంది. మతి మీటరు నూటికి ఎనభై. వంటావిడ ఎడమవైపు, మేక కుడివైపు, ఎవరికీ దెబ్బల్లేవు. అవతల శబ్దం గాని కదలిక గాని మూడు రోజులుగా లేదు. ఆమె నిలబడే విన్నది, ఒకచోట మేక గురించి మళ్లీ చెప్పించుకుంది. వాళ్ల నాన్న అలాగే వినేవాడని ఆ తర్వాత చెప్పింది. నోటుబుక్కులో టైము వేసి రెండు వరసలు రాసి, కింద సంతకం పెట్టింది. నేను కుర్చీలోంచి లేచాను. మోకాళ్లు పట్టేశాయి.

తర్వాత రెండు గంటలు ఆ అమ్మాయి ఆట ఆడిన తీరు చూడవలసిందే. నేను వెనకాల నిలబడి తెలుగు మాటలు చూస్తూ, తప్పున్నచోట చెబుతూ ఉన్నాను. ద్వారం దాటిన మూడో తెరలోనే ఒక టీకొట్టు వచ్చింది. అందులో మన కాపలావాడు కూర్చుని, "ఇంకో ప్లేటు పకోడీ" అంటున్నాడు. ఆ మాట కూడా నేనే దిద్దాను, ఎవరు అంటున్నారో తెలియక. వాడికి చార్జిషీటు ఇవ్వాలన్నాను. కోడలు ఆటలోంచి కళ్లు తిప్పకుండానే, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు కాస్త భయం తీరినవాళ్ల నవ్వు. చివరికి నక్షత్రాల అవతలి జీవి నిద్రలేచి, మాస్టారు పదిహేడో ఎక్కం చెప్పడం మొదలుపెట్టగానే మళ్లీ నిద్రపోయింది. పదకొండూ యాభైకి రిపోర్టు వెళ్లింది. అందులో ఆమె ఒక వాక్యం తనంతట తాను కలిపింది: ద్వారం దగ్గర కొందరు ఆటగాళ్లు మూడు రోజులు ఆగిపోయే ప్రమాదం ఉంది. వారం తర్వాత జవాబొచ్చింది. పని బాగుందని, ఇక ముందు ఆటలన్నీ ఆమెకే పంపుతామని. అడుగున ఒక ప్రశ్న, అలా ఎవరు ఆగుతారని. "స్టీల్ ప్లాంట్ వాళ్లు" అని రాసి పంపింది. ఆ రోజే దుర్గ్‌కు ఫోను చేసి వాళ్లమ్మకు ఉద్యోగం సంగతి చెప్పింది.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఆమె తెలుగు నేను దిద్దనక్కర్లేదు, నా చూపు కూడా అంతగా ఆనదు. మొన్న బీరువా సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. కళ్లజోడు పెట్టుకుని ఆఖరి పేజీ చూశాను. వంకర టింకర తెలుగు అక్షరాల్లో కోడలు రాసింది: "దీపం ఉంది. ప్రపంచం ఉంది. చార్జి తీసుకున్నాను." దాని కింద ఆమె సంతకం. ఆ కింద నా చేతిరాతతో, "ఇంటికి బయలుదేరాను" అని ఉంది. ఆ రోజు నేను వెళ్లింది ఎక్కడికీ కాదు, ఆ కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను, అంతే. అయినా ఆ మాట ఎంత నిబ్బరంగా రాశాడో అప్పటి ఆ మనిషి.