పెనుకొండ దాకనే

మోకాళ్లకు పూసుకునే నొప్పిమందు వాసన ఈ మధ్య మా ఇంట్లో తలుపు తీస్తూనే గుప్పుమంటుంది. వచ్చే నెల రెండు వందల కిలోమీటర్ల సైకిల్ సవారీకి పేరిచ్చి, రోజూ పొద్దున్నే హిందూపురం చుట్టుపక్కల రోడ్లన్నీ తొక్కి వస్తున్నాను. నలభై దాటినాక ఇదేం పోయేకాలమని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. అసలు నా మొదటి సవారీ తొమ్మిదో తరగతిలోనే అయిపోవాల్సింది. దాన్ని చెడగొట్టింది మా నాయన.

మాది ధర్మవరంలో నేతగాళ్ల వీధి. తెల్లారకముందే ఇంటింటా మగ్గాల టకటక, తడిపిన పట్టు వాసన, వీధి పొడుగునా చాపిన పడుగు పోగుల కింద వంగి దూరి బడికి పరిగెత్తే మేము, కార్తీకమొస్తే కొత్త చెనిక్కాయలు కాల్చిన పొగ, ఆ మసి అంటిన చేతులు గౌనుకు తుడుచుకుని అవ్వ చేత తిన్న తిట్లు, అన్నీ ఇప్పటికీ కళ్ల ముందరే ఉన్నాయి. ఆ ఏడు మాఘంలో బడి పిల్లలకు హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా సైకిల్ పందెమన్నారు. గెలవాలని కాదు నా ఆశ. హిందూపురంలో ఎక్కి, మా వీధిలో, అందరూ చూస్తుండగా దిగాల. అంతే.

నాయన వద్దనలేదు. "ఆడపిల్ల దినామూ రోడ్డెక్కితే నలుగురూ నాలుగు మాట్లాడ్తారు. నీకు కావాల్సింది కాళ్లకు బలమే కదా, మగ్గంలో దిగు," అన్నాడు. మాది గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, కింది చెక్కల్ని కాళ్లతో అదుముతూ ఉంటేనే నేత సాగుతుంది. నాయనకు అప్పటికే నడుము పట్టేసి ఉంది. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు, అంత ఎర్రిదాన్ని. బడికి ముందు రెండు గంటలు, బడి అయినాక రెండు గంటలు మగ్గం, ఆదివారాలు మాత్రం ఊరి బయట సైకిల్. అవ్వ ఆముదం వెచ్చజేసి పిక్కలకు రుద్ది, సంగటి ముద్దలో ఊరుబిండి పచ్చడి పెట్టి, "ఈ కాళ్లు రైలును దాటిపోతాయి సూడు" అనేది. నిజంగానే నా కాళ్లు ఇనుమైనాయి. మగ్గం మీద నేను మొదలుపెట్టిన పెండ్లి చీర కూడా ముప్పావు వంతు అయింది.

నేతలో ఎవరి చేతి దెబ్బ వారిదే. అడ్డపోగు వేసినప్పుడల్లా దాన్ని బిగించి కొట్టే దెబ్బ ఒకరిది గట్టిగా ఉంటుంది, ఒకరిది మెత్తగా. చీర మధ్యలో చెయ్యి మారిందంటే అక్కడ అడ్డంగా గీత కనబడుతుంది. అందుకని ఎవరు మొదలుపెట్టిన చీరను వాళ్లే ముగించాల. నాకూ తెలుసు. పందేనికీ దానికీ ఏం సంబంధమనుకున్నాను.

పందెం నాడు మంచు పట్టిన రోడ్డు మీద బయలుదేరినాం. రెండు పక్కలా పీకేసిన చెనిక్కాయ చేన్లే. పెనుకొండ చేరేసరికి నా ముందర ముగ్గురే ఉన్నారు. ఒంట్లో అలుపన్నదే లేదు. బస్టాండు కాడ చెయ్యి అడ్డం పెట్టి నాయన నిలబడి ఉన్నాడు.

"పెండ్లోళ్లు ముహూర్తం ముందరికి జరిపినారంట. ఎల్లుండికే చీర కావాలంట. దిగమ్మా."

"నాయనా, నాకింకా అలుపే రాల్యా!"

"తెలుసు. ధర్మవరం దాకా తొక్కినాక ఆ కాళ్లు మగ్గానికి పనికిరావు. చెయ్యి మారితే గీత పడ్తాది. బస్సొస్తాండాది, దిగు."

దిగినాను. ఆ పొద్దు దిగకుండా తొక్కేసి ఉంటే ఏం చేసేవాడు, చంపేసేవాడా? సైకిల్‌ను బస్సు పైన కట్టేసినారు. అదే రోడ్డు మీద, ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీ ఉండే ఎర్రమంచి కాడ, ఆ ముగ్గుర్నీ మా బస్సు ఒక్కొక్కరినే దాటింది. వాళ్లలో ఒక పిల్ల నేను ఉత్సాహపరచడానికి వస్తున్నాననుకుందేమో, నవ్వి చెయ్యూపింది. నేను కిటికీ మూసేసినాను.

చీర గీత లేకుండా దిగింది. చచ్చిపోయే దాకా నాయన ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ చీర గురించే చెప్పినాడు, "నా కూతురి చేతిది, పెద్ద పెద్ద నేతగాళ్లు కూడా తప్పు పట్టల్యా" అని. పందెం మాట ఒక్కసారీ ఎత్తలేదు. "పోనిచ్చింటే బాగుండు" అని ఎప్పుడో ఒకప్పుడు అంటాడని ఎదురుచూసినాను, ఆసుపత్రి మంచం కాడ కూడా. అనలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

మొన్న ఆదివారం హిందూపురంలో ఎక్కి, పెనుకొండలో ఆగకుండా ధర్మవరం పోయినాను. వీధిలో చాపిన పడుగులు లేవు. గుంతలన్నీ సిమెంటుతో పూడ్చేసినారు, షట్టర్ల వెనక మరమగ్గాలు మోగుతున్నాయి. అవ్వా లేదు, నాలుగు మాట్లాడే ఆ నలుగురూ లేరు. ఒకప్పటి మా ఇంటి ముందర ఎవరో బండి కడుగుతున్నాడు.

"ఎవరు కావాలమ్మా?"

"ఎవరూ లేరప్పా. హిందూపురం నుంచి వస్తాండా."

"ఇంత దూరం సైకిల్లోనా? బస్సు దొరకల్యా?"

దొరకల్యాప్పా అని, సైకిల్ దిగి, మా గడప ముందర నిలబడి నాయనను నోరారా తిట్టుకున్నాను.