పిలిచి కొట్టిన కుక్క

మా బావకి ఆ కుక్కంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన వానకి తడుస్తున్న కుక్కపిల్లని లుంగీలో చుట్టి ఇంటికి తెచ్చింది ఆయనే. దాన్ని చేజేతులా పాడుచేసిందీ ఆయనే.

చెప్పు కొరికినా, గేటు దాటినా బావ దాని వెంటపడేవాడు కాదు. గడప మీద కూర్చుని "దా, దా" అని పిలిచేవాడు. పిచ్చిముండ తోకాడించుకుంటూ వచ్చేది. వచ్చాక మెడ పట్టుకుని బాదేవాడు. ఆయన బోటు నడిపే సరంగు, తెల్లారకముందే కళాసీల మీద అరిచి పని చేయించేవాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. దెబ్బ పడితేనే గుర్తుంటుందనేవాడు. దానికి గుర్తుంది కూడా, అయితే చెప్పు కొరికితే అని కాదు, బావ దగ్గరికి వస్తే దెబ్బ పడుతుందని. ఆయన గొంతు వినపడితే చాలు, ఉన్నచోటే నేలకి కరుచుకుపోయి ఉచ్చ పోసుకునేది.

పోర్టులో ఉద్యోగం వచ్చి నేను అక్క వాళ్ళింట్లో దిగేసరికి దాని బతుకు ఇదీ. వీధి చివరే హార్బర్ లారీల రోడ్డు. పిలిస్తే రాని కుక్క అక్కడ ఎక్కువ కాలం బతకదు. అందుకే పిలిస్తే రావడం దానికి మళ్ళీ నేర్పాలని పట్టుబట్టాను. పులుసులో ఉప్పూ కారం వెయ్యకముందే అక్క కాసిన్ని నెత్తళ్ళు ఉడికించి, ముల్లు తీసి ఇచ్చేది. నేను నేలమీద కూర్చుని మెల్లగా ఈల వేసేవాణ్ణి. ఒక్క అడుగు ముందుకేసినా ఓ ముక్క పెట్టేవాణ్ణి, రాకపోతే ఊరుకునేవాణ్ణి. పోనుపోను ఎక్కడున్నా ఈలకి ఉరికొచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించేది.

లంచం పెడితే ఎవడైనా వస్తాడని బావ ఎగతాళి చేశాడు. అక్క తిట్టగా తిట్టగా కొట్టడం మాత్రం మానేశాడు. కానీ చేపముక్క పట్టుకుని కుక్కని బుజ్జగించడానికి ఆయనకి పరువు అడ్డొచ్చింది.

అది జరిగినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. గేటు తీసి ఉండడంతో కుక్క రోడ్డెక్కిందట. ఐసు లారీ రావడం చూసి బావ ప్రాణమంతా పెట్టి "దా, దా" అని అరిచాడట. అది రోడ్డు మధ్యలోనే పొట్ట నేలకానించి పడుకుండిపోయింది.

నేను వచ్చేసరికి దాని మీద గోనెసంచి కప్పి ఉంది. బావ పక్కనే చతికిలబడ్డాడు.

"నాను కొట్టడానికి పిలవనేదురా," అన్నాడు.

జాలేసింది. అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. నోరు మూసుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు.

"ఆ సంగతి దానికెలాగ తెలస్తాది బావా?" అన్నాను.