చెప్పి కొట్టే చెన్నప్ప

మా చెన్నప్ప ఎవరినైనా కొట్టాలంటే ముందు చెప్పి కొడతాడు. నోటితో కాదు, చేత్తో. కుడిచెయ్యి భుజం దాటి, వీపు దాటి, వెనక వరుసలో కూర్చున్నవాళ్ళ ఒడిలో పడుతుందేమో అన్నంత వెనక్కి పోతుంది. తర్వాత "ఊఁ" అంటాడు. అప్పుడు బయల్దేరుతుంది గుద్దు. ఈలోపు ఎదుటివాడు కావాలంటే గ్లౌజులు విప్పి, కాఫీ తాగి, మళ్ళీ తొడుక్కుని రావచ్చు.

మనిషి నూట పది కిలోలు. ధర్మవరంలో వాళ్ళ అమ్మ రుక్మిణమ్మ పట్టుచీరలు నేస్తుంది. కొడుక్కి కూడా నేత నేర్పుదామని ఒకరోజు మగ్గం గుంతలో దింపింది. పైకి లాగడానికి నలుగురు కావలసి వచ్చింది. ఆమె దండం పెట్టేసి, వేరుశనగ మిల్లులో మూటలెత్తే పనికి పంపింది. పెనుకొండలో నేను రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్పుతానని విని, మూడేళ్ళ కిందట రైలెక్కి వచ్చాడు.

"ఇంతకు ముందు ఆడినావా?" అని అడిగాను.

"ఒగసారి ఆడినా సార్."

"గెలిచినావా?"

"గెలిచినా సార్," అన్నాడు, ఓడినవాడిలా.

అతనికి ఎన్ని నేర్పాలని చూశానో! ఎడమచేత్తో పొడవమంటే సలాం చేసినట్టుండేది. కాళ్ళు కదపమంటే రింగు కదిలేది. చివరికి మిగిలింది ఆ ఒక్క కుడిచెయ్యే. తగిలితే మనిషి లేవడు. తగులుతుందన్న నమ్మకమే లేదు. పన్నెండు పోటీల్లో ఏడుగురిని పడగొట్టాడు. మిగిలిన ఐదుగురూ పక్కకు తప్పుకుని, పాయింట్ల మీద గెలిచి, హాయిగా ఇంటికి పోయారు.

షెడ్డు ఎదురుగా టీ అంగడి నడిపే వెంకటక్క మాత్రం చెన్నప్ప పక్షం.

"అంత బలం ఉండాది కదా సారూ, ఇంగ విద్య యాల?" అనేది.

"తగిలితే కదక్కా బలం!"

"ఎప్పుడో ఒగసారి తగలదా?"

ఈ వాదన రోజూ రెండు టీల పొడుగు నడిచేది. చెన్నప్పని అడిగితే "ఇద్దురు చెప్పేదీ నిజమే," అని మూడో బన్ను అందుకునేవాడు.

పడగొట్టాక ఇంకో గొడవ. రెఫరీ లెక్కపెడుతుంటే ఇతను పడ్డవాడి పక్కన కూర్చుని "లెయ్యప్పా, లెయ్యి" అని బతిమాలేవాడు. మూలకు పొమ్మని రెఫరీ అరిస్తే, మూలకు పోయి అక్కడి నుంచి బతిమాలేవాడు.

ఈ ఏడాది జిల్లా ఫైనల్ హిందూపురంలో జరిగింది. గెలిచినవాడు రాష్ట్ర పోటీలకు పోతాడు. హెవీవెయిట్‌లో మా షెడ్డు నుంచి అంతవరకు ఎవరూ పోలేదు. నేను వారం ముందే బట్టలు సర్దుకున్నాను. ఎదుటివాడు హిందూపురం జయప్రకాష్. అతనికి రాని గుద్దు లేదు. రెండు రౌండ్లు చెన్నప్ప చుట్టూ ఈగలా తిరిగి, కొట్టినచోట కొట్టకుండా కొట్టాడు. మూడో రౌండులో అలసిపోయి, చేతులు దించి తాళ్ళకు ఆనుకున్నాడు. దవడ ఏ అడ్డూ లేకుండా, అందేంత దగ్గరలో ఉంది.

"చిన్నగా కొట్టురా! సాలు!" అని అరిచాను.

చెన్నప్ప చెయ్యి వెనక్కి పోయింది. ఇంకా పోయింది. "ఊఁ" అన్నాడు. జయప్రకాష్ ఉలిక్కిపడి కిందికి వంగాడు. గుద్దు గాలికి తగిలింది. గంట మోగింది. పాయింట్ల మీద ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గదిలో తిట్లు మొదలుపెట్టాను. "మూడేండ్లు! ఒగ చిన్న గుద్దు నేర్పలేకపోతి! ఎద్దుకైనా ఈపాటికి వచ్చుండు!"

తలుపు తోసుకుని ఒక పెద్దామె లోపలికి వచ్చింది. పేరు యల్లక్క అట. చెన్నప్ప ఆట చూడ్డానికి నల్లమాడ నుంచి బస్సెక్కి వచ్చిందట.

"ఏమప్పా సారూ, వాన్ని యాల తిడతాండావు? ఈ అబ్బి మొదటిసారి ఆడింది మా కొడుకు వేణుమాధవ్‌తోనే. ఆ పొద్దు చెయ్యి యెనక్కి తీయలా. కొట్టేది కనపడనే లేదు. మావాని దవడ ఇరిగిపాయ. రెండు నెల్లు, ఆదివారం వస్తే సాలు ఇంటికొచ్చి, స్పూనుతో రాగిజావ తాపినాడు. 'అమ్మా, ఇంగ మీద చెప్పే కొడతా' అన్నాడు."

నేను చెన్నప్ప వైపు తిరిగాను. "చిన్న గుద్దు నీకు వస్తాదా?"

"వస్తాది సార్."

మూలన వేలాడుతున్న ఇసుక సంచి చూపించాను. జానెడు దూరం నుంచి కొట్టాడు. చెయ్యి నాకు కనపడలేదు. సంచి, కొక్కెం, పైకప్పు సున్నం కలిసికట్టుగా కిందికి వచ్చాయి.

"మరి ఆ ఏడుమందిని యాల పడగొట్టినావు?"

"అంత చెప్పినాక గూడా ఆడనే నిలబడితే నేనేం చేసేది సార్?"

"ఇంత భయమున్నోనికి బాక్సింగ్ యాలరా?"

"కొట్టేది ఇష్టమే సార్. తగిలేదే ఇష్టం లేదు."

మిగిలిన తిట్లు మూటగట్టి, కింద పడ్డ కొక్కెం ఏరుకున్నాను. యల్లక్క కొంగుతో అతని మొహం మీది సున్నం తుడుస్తోంది.

చప్పుడు విని జయప్రకాష్ పరుగెత్తుకొచ్చాడు, మెడలో పతకంతో. కింద పడ్డ సంచిని, పైన కొక్కెం లేని చోటును చూశాడు. చెన్నప్ప చేతిని చూశాడు. తన దవడ ఒకసారి తడుముకున్నాడు.

"అన్నా, రాష్ట్రం పోటీలకి ఇంగా నెల ఉండాది. ప్రాక్టీసుకి నా ఎదురు నిలబడతావా? నీ చెయ్యి తప్పించుకుంటే ఎవురి చెయ్యైనా తప్పించుకుంటా."

చెన్నప్ప చేతి మీది సున్నం దులుపుకున్నాడు. "వస్తా. అయితే నేను ఊఁ అనంగానే పక్కకి పోతావు కదా?"

"పోతా అన్నా."

"మీయమ్మ మీద ఒట్టెయ్యి."

జిల్లా హెవీవెయిట్ విజేత బుద్ధిగా చెయ్యి చాపి, వాళ్ళమ్మ మీద ఒట్టు వేశాడు.