క్లీనరుకు హెవీ లైసెన్సు

మీసంలో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా లారీ షెడ్డులో అతన్ని అందరూ పిల్లోడనే పిలిచేవారు. మీసమైనా మొలవకముందు క్లీనరుగా లారీ ఎక్కాడు, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. టైర్లు తట్టి చూడటం, అద్దం తుడవటం, సరుకు మీద టార్పాలిన్ లాగి కట్టటం, లారీ వెనక్కి వెళ్తుంటే బాడీ మీద అరచేత్తో కొడుతూ “రానీ... రానీ... ఆపు!” అని అరవటం అతని ఉద్యోగం. స్టీరింగు ముందు కూర్చునేవాడు మామ. చుట్టరికమేమీ లేదు. మొదటిరోజు భయంభయంగా “అయ్యగారూ” అని పిలిస్తే, “అయ్యగారేంట్రా, నేనేమైనా పెద్దాఫీసరునా? మామా అను” అన్నాడు. ఆ రోజు నుంచీ మామే.

పిల్లోడికి అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. సీట్ల వెనకాల ఉండే బల్లే అతని మంచం, డ్యాష్‌బోర్డు మూలే అతని బీరువా. ఒకసారి పెళ్లి సంబంధమొకటి దారితప్పి వచ్చింది. “పిల్లని ఎక్కడ పెడతావు బాబూ?” అని ఆడపిల్లవాళ్లు అడిగితే ఇతను లారీ వైపు చూశాడు. “టూల్‌బాక్సు పక్కన కాస్త జాగా ఉందండీ” అని మామ అందుకున్నాడు. వాళ్లు మళ్లీ కనబడితే ఒట్టు. దానికి పిల్లోడు పెద్దగా బాధపడలేదు. పక్కన తిట్టడానికి మామ ఉన్నాడు, అది చాలనుకున్నాడు.

అంతలో మామ కళ్లకు షుగరు తగులుకుంది. ముందు దూరపు బోర్డులు మసకబారాయి, తర్వాత దగ్గరవి. పిల్లోడు కనిపెట్టాడు. ఏమీ అనకుండా, కాలక్షేపానికి చదువుతున్నట్టు బోర్డులన్నీ పైకి చదవటం మొదలెట్టాడు. “ముందు మలుపంట మామా.” “అదిగో, బడి పిల్లలు.” మామ కూడా ఏమీ ఎరగనట్టు “నాకు కనబడటం లేదనుకున్నావా?” అని కసిరేవాడు. తప్పే. ఎవరి ప్రాణం మీదికైనా వస్తే ఇద్దరూ కటకటాలు లెక్కపెట్టాల్సిందే, వాళ్లని వెనకేసుకురావటం నా వల్ల కాదు. కానీ ఆ ఇద్దరూ అంత దగ్గరగా ఎన్నడూ లేరన్నది కూడా నిజం.

లైసెన్సు తిరగరాయించుకునే వేళ వచ్చింది. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కళ్లు పరీక్షించే గదిలోకి మామ ఒక్కడే వెళ్లాలన్నారు. పిల్లోడు తలుపు బయట నిలబడ్డాడు. కాసేపటికి మామ గోడ పట్టుకుని బయటికొచ్చాడు. చేతిలో సర్టిఫికెట్ లేదు.

లారీ ఓనరమ్మ మంచిదే గానీ వ్యాపారం వ్యాపారమే. “వానలు వెనకపట్టేదాకా ఆగుతాను పిల్లోడా. ఈలోగా హెవీ లైసెన్సు తెచ్చుకుంటే బండి నీ చేతికిస్తాను. లేదంటే అమ్మేస్తాను. తుప్పు పట్టించుకోడానికి కొన్నానా?” అంది. బండి అమ్మేస్తే పిల్లోడికి పని ఒక్కటే కాదు, పడుకునే చోటూ పోతుంది. అందుకే సరేనన్నాడు. ఆ సాయంత్రమే ఈ సంగతి చెప్పటానికి మామ ఇంటికి వెళ్లాడు.

మామ అంతా విని, “నా సీటు కోసమే కాచుక్కూచున్నావన్నమాట” అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత పిల్లోడు ఎన్నిసార్లు వెళ్లినా మామ నోరు విప్పలేదు. ఎన్ని తిట్లయినా పడగలడు గానీ, ఆ వీపు చూస్తూ నిలబడటం అతని వల్ల కాలేదు.

హెవీ లైసెన్సంటే అడగ్గానే చేతిలో పెట్టే మిఠాయి కాదు. చిన్న బండ్ల లైసెన్సు ముందే ఉండి ఏడాది దాటాలి. అది ఉంది, ఎప్పుడో మామే తిట్టి తీయించాడు. చదువు అడిగారు, బడికి వెళ్లినన్నాళ్ల కాగితం దొరికింది. పాత లైసెన్సులో రాయించిన అమ్మానాన్నల ఇల్లు ఎప్పుడో కూలిపోయింది, దాంతో ఇంటి అడ్రసు దగ్గర బండి ఆగింది.

“ఇల్లెక్కడ?” అన్నాడు లైసెన్సుల ఆఫీసు కిటికీలోని గుమాస్తా.

“లారీలోనండీ.”

“ఆ లారీ ఎక్కడుంటుంది?”

“ఒక్కచోట ఉంటే మాకు కూడెక్కడిదండీ?”

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. పిల్లోడూ నవ్వబోయి ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఎవరైనా ఉత్తరం రాద్దామన్నా ఎక్కడికి రాయాలో తెలియని మనిషినన్న సంగతి అతనికి అప్పుడే తట్టింది. చివరికి మామ భార్య దిక్కయింది. “మా ఇంటి అడ్రసే రాయించుకో. మీ మామతో నేను పడతాలే” అంటూ కావలసిన చోట సంతకం పెట్టింది. “అత్తా” అంటూ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

కళ్ల పరీక్షకు అదే గది. గోడ మీది అక్షరాలను పెద్దవాటి నుంచి అడుగున ఉన్న చీమంత వాటిదాకా గడగడా చదివేశాడు. “అబ్బో, చాలు చాలు!” అంది డాక్టరమ్మ. ఎర్ర చుక్క ఏది, పచ్చ చుక్క ఏది అంటే అవీ చెప్పాడు. బయటికొచ్చి, అప్పట్లో మామ పట్టుకున్న గోడ దగ్గరే కాసేపు నిలబడ్డాడు. తన కళ్లు బాగున్నందుకు జీవితంలో మొదటిసారి సిగ్గుపడ్డాడు.

తర్వాత డ్రైవింగ్ స్కూలు. నేర్పే మాస్టారు వయసులో ఇతనికంటే చిన్నవాడు, పక్క సీట్లో కూర్చుని “బ్రదర్, క్లచ్చి... బ్రదర్, అద్దం...” అనేవాడు. తిట్టేవాడు కాదు. తిట్టకుండా కూడా పని నేర్పుతారా అని పిల్లోడికి అనుమానంగా ఉండేది. స్కూలు వాళ్ల సర్టిఫికెట్ కూడా చేతికొచ్చాక పరీక్షకు పిలిచారు.

పరీక్ష మైదానంలో ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నాడు. ఎత్తు ఎక్కించి ఆపమంటే ఆపాడు, అంగుళమైనా వెనక్కి జారనివ్వలేదు. మలుపులు తిప్పాడు. ఇక మిగిలింది రెండు కర్రల మధ్యకి రివర్సు. గేరు వేశాడు. ఎవరో వెనక నుంచి బాడీ మీద కొడతారని ఎదురు చూశాడు. చప్పుడు లేదు. తనకే తెలియకుండా చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టి తలుపు మీద దబదబా బాదుతూ “రానీ... రానీ...” అనటం మొదలెట్టాడు. లారీ చక్కగా వెనక్కి పోతోంది. కర్ర దగ్గర పడగానే గొంతు చించుకుని “ఆపు!” అని అరిచాడు. అరిచి, డ్రైవరు ఆపుతాడని చూస్తూ కూర్చున్నాడు.

కర్ర ఫట్టుమంది.

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. “ఆపాల్సింది నువ్వేనయ్యా బాబూ! మళ్లీ రా” అన్నాడు. మైదానంలో అందరికీ అదొక కథైపోయింది. పిల్లోడు షెడ్డుకొచ్చి, తమ ఖాళీ లారీ ఎక్కి, ఎప్పుడూ కూర్చునే పక్క సీట్లోనే కూలబడ్డాడు. మామ పక్కనుంటే ఈ ముచ్చట విని కడుపు పట్టుకుని నవ్వేవాడు. చెప్పుకోవటానికి మామే లేకుండాపోయాడని ఏడుపొచ్చింది.

“వెనక ఎవరూ ఉండరు బ్రదర్. ఇకమీదట ఆ అద్దాలే నీ క్లీనర్లు” అన్నాడు మర్నాడు మాస్టారు. మళ్లీ పిలుపొచ్చేదాకా పిల్లోడు పెదాలు బిగించి, చెయ్యి లోపలే ఉంచి, అద్దాలు చూసుకుంటూ రివర్సు చేయటం నేర్చుకున్నాడు. రెండోసారి ఒక్క కర్రకూ దుమ్మైనా అంటలేదు.

“ఈసారి నోరే మెదపలేదే?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మాట్లాడటానికి ఎవరున్నారు సార్” అన్నాడు పిల్లోడు.

వానలింకా పడుతుండగానే లైసెన్సు వచ్చింది. ఓనరమ్మ మాట తప్పలేదు. మొదటి లోడు ఎక్కిన పొద్దున పిల్లోడు లారీని మామ వీధిలోకి తిప్పి ఇంటి ముందు ఆపాడు. అత్త గుమ్మంలోకి వచ్చి, “లోపలే ఉన్నాడు, లేపినా లేవడు” అంది. పిల్లోడు కిటికీ ఊచలు పట్టుకున్నాడు. లోపల మంచం మీద అదే వీపు.

“మామా, పాసయ్యాను. ఇవాళే మొదటి లోడు.”

వీపు కదల్లేదు.

“నీ సీటు కోసం కాదు మామా. బండి అమ్మేస్తే నేనెక్కడికి పోవాలి చెప్పు? రా, ఊరికే పక్కన కూర్చుందువు గానీ.”

కాసేపు చూసి ఊచలు వదిలేశాడు. “వెళ్లొస్తానత్తా” అని లారీ ఎక్కాడు. నిండు లోడు, ఇరుకు వీధి, కొత్త చెయ్యి. రెండో గేరులోనే ఇంజను గోలపెడుతూ నాలుగిళ్లు దాటింది.

“ఎంతసేపురా రెండో గేరు!” వెనక మామ ఇంటి కిటికీలోంచి అరుపు వచ్చింది. వీధంతా వినబడే అరుపు. “ఇంజను ఏడుస్తోంది, చెవులు పనిచెయ్యట్లేదా వెధవా? మూడోది వెయ్యి!”

పిల్లోడు మూడోది వేశాడు. అద్దంలోకి చూస్తే ఊచలు పట్టుకున్న రెండు చేతులు కనబడ్డాయి. కళ్లలో నీళ్లు తిరిగితే భుజానికి తుడుచుకున్నాడు, స్టీరింగు వదలకూడదు కదా.

వీధి మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కాడు. లారీ వేగం అందుకుంది, ఇంజను మళ్లీ గొంతు పెంచింది. పిల్లోడు ఒక్క క్షణం చెవులు రిక్కించాడు. టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాలుగో గేరు తనే వేసుకున్నాడు.