కుక్కల గుండె వినే అక్క

గురువారం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా మా ఆయన ఫోన్ చేసి, "పక్కింటి అక్క పోయిందట" అన్నాడు. ఏ పక్కింటి అక్క అని అడిగాను. టెక్సాస్‌లోని ఈ ఫ్రిస్కోలో మాకున్నది ఒక్క పక్కింటి అక్కే. అయినా అడిగాను. ముందురోజు సాయంత్రమే ఆమె మా కుక్క లడ్డూ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విని, "బాగానే ఉన్నాడు, బరువు పెరగనివ్వకు" అని చెప్పి వెళ్లింది.

అక్క పశువైద్యురాలు. ఒంగోలులో పెరిగి, ఇక్కడికొచ్చి మళ్లీ పరీక్షలు రాసి, ఊరి చివర ఒక చిన్న క్లినిక్‌లో పనిచేసేది. ఎవరింటికి వెళ్లినా ముందు కుక్కను పలకరించి, ఆ తర్వాతే మనుషుల వైపు తిరిగేది. టీ పూర్తిగా చల్లారితే గాని తాగేది కాదు.

కొన్నేళ్ల కిందట లడ్డూ వాకింగ్‌కి తీసుకెళితే కాస్త దూరానికే కూలబడిపోయేవాడు. అక్క రక్తం తీసి పరీక్షకు పంపింది. రిజల్ట్ వచ్చాక మా ఇంటి వెనక పాటియోలో కూర్చుని, చాగస్ అనే జబ్బని చెప్పింది. ఆ పేరు మేమెప్పుడూ వినలేదు.

"ఒక పురుగు వల్ల వస్తుంది. రక్తం తాగే పురుగు. జబ్బు క్రిమి దాని రెట్టలో ఉంటుంది. కుక్కలు ఆ పురుగును నమిలి మింగినా అంటుకుంటుంది."

"అది సౌత్ అమెరికా జబ్బు కదక్కా? వీడు టెక్సాస్ దాటనేలేదు" అన్నాడు మా ఆయన.

"పురుగూ టెక్సాస్‌దే నాయనా. మన ఇళ్ల వెనక వాగు పక్కన పిల్లులంతేసి ఒపోసమ్‌లు, రకూన్‌లు, అడవి ఎలుకలు ఉంటాయి చూడు, వాటి ఒంట్లో ఈ క్రిమి ఎప్పట్నుంచో ఉంది. మనమే వచ్చి వాటి పక్కన ఇళ్లు కట్టుకున్నాం."

మా అమ్మాయి అప్పటికి చిన్నపిల్ల. "ఆంటీ, లడ్డూ నన్ను లిక్ చేస్తే నాకు వస్తదా?" అంది.

"నాకితే రాదమ్మా."

"మరి ఒపోసమ్స్ బ్యాడా?"

"కాదు తల్లీ. వాటినీ ఆ పురుగే కుట్టింది."

వాణ్ణి ఉంచుకోవాలో, ఎవరికైనా ఇచ్చేయాలో మాకు తోచలేదు. ఎన్నాళ్లు బతుకుతాడని అక్కనే అడిగాను. "తెలీదు. కొన్నిటికి గుండె ఉబ్బి తొందరగా పోతాయి. కొన్ని ఏమీ కానట్టే ముసలివవుతాయి. తెలీని చోట తెలీదు అనడం నేర్చుకో, సగం భయం పోతుంది" అంది. ఆ పురుగులు దాక్కుంటాయని గోడవారనున్న కట్టెలు తీయించింది. వాణ్ణి ఇంట్లోనే పడుకోబెట్టమంది. ఆ తర్వాత తనే వచ్చి వాడి గుండె విని వెళుతుండేది. మా భయం సగమే పోయింది. ఆ సగానికే ఆమెకు రుణపడి ఉన్నాను.

అక్క పోయిందీ గుండెజబ్బుతోనే అని తెలియగానే వీధి వాట్సాప్‌లో మాటలు మొదలయ్యాయి. ఆ పురుగే కుట్టి ఉంటుందని ఒకరు, కుక్కల నుంచే వచ్చి ఉంటుందని ఇంకొకరు. ఆమె భర్తను మేం బావగారూ అంటాం. ఆయన నాతో, "అదేం కాదమ్మా. రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. ఆ జబ్బు టెస్ట్ చేయించుకుంది కూడా. నెగటివ్" అన్నారు.

స్పష్టంగానే విన్నాను. అయినా నా తలకెక్కలేదు. జబ్బు గుండె ఉన్నవాడు సోఫా మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఇన్నేళ్లూ ఆ గుండె విన్న మనిషి లేదు. ఇందులో ఏది ఎందుకు జరిగిందో ఎవరినడగాలి? అడగాలనిపించేదీ ఆమెనే.

అంత్యక్రియలైన మర్నాడు బావగారికి భోజనం తీసుకెళ్లాను. ఇద్దరం వాళ్ల పెరట్లో నిలబడ్డాం. ఇంకా వెలుతురుండగానే ఫెన్స్ మీదికి ఒక ఒపోసమ్ ఎక్కింది. వీపు నిండా పిల్లలు. చప్పట్లు కొట్టి తోలబోయి, ఎందుకో చేతులు దించేశాను. బావగారు కదల్లేదు. జారబోయిన పిల్ల ఒకటి తల్లి బొచ్చు పట్టుకుని మళ్లీ పైకి పాకింది. అది సర్దుకునేదాకా ఆగి, తల్లి మెల్లగా వాగు వైపు దిగిపోయింది.