రంగు గీకే నోర్కస్

కొత్త కరెంటు డబ్బా మీద రంగు గీకాడని నోర్కస్‌ని పనిలోంచి తీసేశారు. మేస్త్రీ బ్రాంక్ మా పనివాళ్లందరి ముందూ, "నీది పని కాదు, జబ్బు" అన్నాడు. బ్రాంక్ అంటే నాకు ఇప్పటికీ మంటే. కానీ జబ్బు మాట నిజమే. ఇనుముకీ ఇనుముకీ మధ్య రంగు ఉంటే నోర్కస్‌కి ముద్ద దిగదు.

మా షికాగోలో తీగలన్నీ ఇనప గొట్టాల్లోనే పోతాయి. లోపల తీగ ఒరుసుకుని గొట్టానికి తగిలితే, ఆ కరెంటు గొట్టం వెంట డబ్బాకి చేరాలి. అప్పుడే డబ్బాలోని స్విచ్ దానంతటదే పడిపోతుంది. గొట్టాన్ని డబ్బాకి బిగించే నట్టు కింద రంగు అడ్డుంటే చేరదు. ఎవరి చెయ్యి తగులుతుందా అని గొట్టంలోనే కాచుకుంటుంది. "దారి తప్పింది పాపం, ఇంటికి పోనివ్వండి" అనేవాడు నోర్కస్, కరెంటు తన మేనకోడలైనట్టు. రంగు గీకి, నట్టు బిగించి, గొట్టం నుంచి డబ్బాకి రాగితీగ కలిపేవాడు. ఆపైన గొట్టానికి చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఏం వినబడుతోందని అడిగితే, "సరస్సు" అనేవాడు.

చలికాలంలో చేతితొడుగుతో చెయ్యి చాస్తే అందుకునేవాడు కాదు. తొడుగూ రంగేనట. ఇంటికి రంగులు వేయించాలంటే వాళ్లావిడ ముందు ఆయన్ని చేపలవేటకి పంపేది.

ఆయన ఉద్యోగం పోయింది ఒక పాత భవనం కిందున్న బట్టలుతికే గదిలో. ఆ గది చూసుకునే ఒఫేలియా దగ్గరే తాళాలుండేవి. తడి దుప్పట్లు గొట్టాల మీదే ఆరేసేది. బ్రాంక్ వద్దంటే, "మరి నీ మెడ మీద ఆరెయ్యనా?" అంది.

తీసేశాక కూడా నోర్కస్ ప్రతి శనివారం అక్కడికి ఒక దుప్పటి ఉతకడానికి వెళ్లేవాడు. ఎప్పుడూ అదే దుప్పటి, ఎప్పుడూ శుభ్రమైనదే. సిగ్గు లేదా పెద్దాయనా అని మేం దెప్పితే, ఆవిరిలోకి చూసి నవ్వేవాడు.

మంచు బాగా పడుతున్న రోజుల్లో ఒకనాడు, ఒఫేలియా గొట్టం పట్టుకుని దుప్పటి ఆరేస్తుండగా టప్పుమని స్విచ్ పడిపోయింది. బ్రాంకూ నేనూ వెళ్లి చూస్తే, గొట్టంలో తీగ పైపొర ఒరుసుకుపోయి బోసిగా ఉంది. డబ్బా తెరిచాం. ప్రతి నట్టు కిందా గీకిన ఇనుము వెన్నెల ముక్కలా మెరుస్తోంది. ప్రతి గొట్టానికీ రాగితీగ ఉంది. "ఎవరు చేశారిది?" అన్నాడు బ్రాంక్.

"ఇంకెవరు? మిషన్లో దుప్పటి తిరిగినంతసేపూ ఆ డబ్బా దగ్గరే ఉండేవాడు," అంది ఒఫేలియా. "ఎందుకయ్యా అంటే, ఇది నా జబ్బులేమ్మా అన్నాడు. నేను భయపడతానని కాబోలు."

తర్వాత ఆయన్ని సరస్సు పక్కన బస్సు స్టాపులో చూశాను. అంతా తెల్లగా, కలలో ఊరిలా ఉంది. బ్రాంక్ చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించాలని నేను ఊగిపోతుంటే, ఆయన మంచు కేసి చూస్తూ నిలబడ్డాడు. బస్సొచ్చింది. చెయ్యి చాచాను. ఆయన నా తొడుగు వంక చూశాడు.

"ముందు రంగు గీకు," అన్నాడు.